ఇంటి చుట్టూ ఖాళీ నేల: ఏ పూలు, ఎక్కడ, ఎందుకు?



గృహప్రవేశం అయిపోయింది. టైల్స్, కప్‌బోర్డులు, పెయింటింగ్ అన్నీ పూర్తయ్యాయి. ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య మాత్రం ఇసుక, కంకర, విరిగిన ఇటుక ముక్కలు అలాగే ఉన్నాయి. తొలకరి పడగానే ఓ ఆదివారం నర్సరీకి వెళ్తాం. ఏది బాగా పూసి ఉంటే అది కొంటాం. పది మొక్కలు కారు డిక్కీలో పెట్టుకుని వస్తాం. దసరా నాటికి సగం పోతాయి. ఎండాకాలంలో మిగతా సగం మాడిపోతాయి. “మన చేతికి మొక్కలు రావు” అనుకుని ఉన్న కాస్త నేలనూ టైల్స్‌తో కప్పేస్తాం.

చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. చేతిలో ఏ లోపమూ లేదు. వరుసలో ఉంది. మనం పువ్వును చూసి మొక్కను కొంటున్నాం. ముందు నేలను, తర్వాత ఎండను, ఆ తర్వాత ఇంట్లో తిరిగే పిల్లలను చూసుకుని, చివరగా పువ్వు దగ్గరికి రావాలి. బడులు తెరిచి, వానలు మొదలైన ఈ రోజుల్లో ఈ పని పిల్లలతో కలిసి చేస్తే ఇంటి ముందే వారికి ఒక సైన్స్ ల్యాబ్ ఏర్పడుతుంది.

ముందు నేల సంగతి

కొత్త ఇంటి చుట్టూ ఉన్నది అసలు మట్టి కాదు. పునాది తవ్వినప్పుడు పైకి వచ్చిన అడుగు మట్టి, దాని మీద రాలిన సిమెంటు, సున్నం, ఇసుక. సిమెంటు, సున్నం కలిసిన నేలకు క్షార గుణం ఎక్కువ. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేర్లు దాన్ని తీసుకోలేవు. అందుకే కొత్త ఇళ్ళలో నాటిన నూరువరహాలు ఆకులు పసుపు పచ్చగా మారతాయి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. నీళ్ళు చాలలేదనుకుని మనం ఇంకా నీళ్ళు పోస్తాం. మొక్కకు కావలసింది నీళ్ళు కాదు, మంచి మట్టి.

రెండు చిన్న పరీక్షలు చేసి చూడండి. మొదటిది: గోడ పక్కనున్న మట్టిని ఒక చెంచాడు గ్లాసులో వేసి, దాని మీద కొద్దిగా వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఎక్కువగా ఉన్నట్టే. రెండోది: అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు కొన్ని గంటల్లో ఇంకిపోతే సరే. మర్నాటి దాకా నిలిచి ఉంటే అక్కడ నేల మీద నేరుగా నాటకూడదు. ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు మడి కట్టుకోవాలి. నల్లరేగడి నేలల్లో ఇది మరీ ముఖ్యం. గులాబీ, చామంతి నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి చనిపోతాయి. ఎర్ర నేలల్లో ఇబ్బంది వేరు. నీళ్ళు త్వరగా జారిపోతాయి కాబట్టి ఎరువు ఎక్కువ కలపాలి.

ఇంకో మాట. గోడను ఆనుకుని ఒకటిన్నర అడుగు వదిలేయండి. కట్టేటప్పుడు పునాది చుట్టూ చెదల మందు కొట్టించి ఉంటారు. పైగా గోడ మొదట్లో రోజూ నీళ్ళు పోస్తే లోపల చెమ్మ వస్తుంది. సంపంగి లాంటి పెద్ద చెట్టయ్యేవాటిని సంప్‌కు, సెప్టిక్ ట్యాంక్‌కు కనీసం 10 అడుగుల దూరంలో నాటాలి. అంత జాగా లేకపోతే వాటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

తర్వాత ఎండ

తూర్పు ఎండ మెత్తన, పడమర ఎండ మొండి. ఇది అందరికీ తెలిసిందే. ఉత్తరం, దక్షిణం దగ్గరే చాలామంది పొరపడతారు.

హైదరాబాద్, విజయవాడ ప్రాంతాల్లో మే నెల తొలి రెండు వారాల్లో ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టు తొలి రెండు వారాల్లో మళ్ళీ ఇలాగే జరుగుతుంది. ఈ రెండు రోజుల మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఏడాదిలో మిగతా కాలమంతా దక్షిణం వైపే.

దీని అర్థం ఏమిటి? మనం మొక్కలు కొనేది జూన్, జులై నెలల్లో. అప్పుడు ఇంటికి ఉత్తరం వైపు నేల మీద ఉదయం, సాయంత్రం ఎండ బాగా పడుతూ కనిపిస్తుంది. “ఇక్కడ ఎండ ఉంది కదా” అని అక్కడ మల్లె నాటుతాం. నవంబరు నుంచి అదే చోటు ఇంటి నీడలోకి వెళ్ళిపోతుంది. మల్లె మొగ్గ తొడగాల్సిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూడా నీడే. ఆకులు నవనవలాడుతుంటాయి, పువ్వు మాత్రం ఒక్కటీ రాదు. కాబట్టి ఎండ కావలసిన మొక్కలకు తూర్పు, దక్షిణం ఇవ్వండి. ఉత్తరాన్ని నీడను ఓర్చుకునేవాటికి వదలండి. పక్కింటి మేడ నీడనూ లెక్కలో వేసుకోండి. ఒక సెలవు రోజు పిల్లలతో ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు నీడ ఎక్కడి దాకా ఉందో సుద్దముక్కతో గీయించండి. ఆ గీతలే మీ ప్లాన్.

పిల్లలున్న ఇల్లు కాబట్టి...

ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఈ భాగం మాత్రం మర్చిపోవద్దు. నీళ్ళు తక్కువైనా బతుకుతాయి, మేకలు తినవు, ఏడాదంతా పూస్తాయి అంటూ నర్సరీల్లో కొన్ని మొక్కలను గట్టిగా చెప్తారు. మేకలు ఎందుకు తినవో మనం ఆలోచించం.

గన్నేరు: రోడ్ల డివైడర్ల మీద గులాబీ, తెలుపు రంగుల్లో కనిపించేదే. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఆ విషం నేరుగా గుండె కొట్టుకునే తీరును దెబ్బతీస్తుంది.

పచ్చగన్నేరు: గంటల్లాంటి పసుపు పూలు. శివపూజకని చాలా ఇళ్ళలో పెంచుతారు. దీని కాయలోని గింజ మరీ ప్రమాదకరం. ఆకుపచ్చగా, నున్నగా ఉండే ఆ కాయలు పిల్లలకు ఆటవస్తువుల్లా కనిపిస్తాయి.

ఉమ్మెత్త, గురివింద: మనం నాటకపోయినా ఖాళీ జాగాలో వాటంతట అవే వస్తాయి. ఉమ్మెత్త గింజలు, ఎరుపు నలుపు గురివింద గింజలు పిల్లలు ఏరుకుని నోట్లో పెట్టుకుంటే ముప్పే.

చంద్రకాంత, బిళ్ళగన్నేరు: పెంచుకోవచ్చు. అయితే చంద్రకాంత నల్ల గింజలు, బిళ్ళగన్నేరు ఆకులు నమలకూడదని పిల్లలకు చెప్పాలి. బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందులు తీస్తారన్న మాట నిజమే. అంత బలమైన పదార్థాలు అందులో ఉన్నాయి కాబట్టే ఇంటి వైద్యానికి అది పనికిరాదు.

వయ్యారిభామ: ఖాళీ నేలను వదిలేస్తే వానలకు ముందుగా మొలిచేది ఇదే. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న చిన్న తెల్ల పూలు. చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెచ్చిపెడుతుంది. పూత రాకముందే, చేతికి గ్లౌజులు తొడుక్కుని పెద్దవాళ్ళు వేరుతో పీకేయాలి. పూలు వేస్తే నేల ఖాళీగా ఉండదు, ఇది అంత తేలిగ్గా రాదు. పూలు వేయడానికి ఇదొక్క కారణం చాలు.

“మా అమ్మమ్మగారింట్లో పచ్చగన్నేరు ఉండేది, మాకేం కాలేదే” అని మీకు అనిపించవచ్చు. ఆ ఇంట్లో పిల్లలను కనిపెట్టుకుని పదిమంది పెద్దవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు మన ఇళ్ళలో మధ్యాహ్నం మూడున్నరకు బడి నుంచి వచ్చిన పిల్లలను చూసుకునే మనిషి ఒక్కరే. పిల్లలు పదేళ్ళు దాటేవరకు ఈ రెండు గన్నేర్లు ఇంట్లో లేకుండా చూసుకోండి. పూజకు నందివర్ధనం, మందారం ఉన్నాయి.

ఎప్పుడైనా పిల్లలు ఇలాంటివి నమిలారని తెలిస్తే, నోట్లో మిగిలింది తీయించి, నోరు కడిగించి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బలవంతంగా వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు తాగించవద్దు. ఆ మొక్క ఆకో, కాయో ఒకటి వెంట తీసుకెళ్తే డాక్టరుకు పని సులువవుతుంది.

ఏ చోటికి ఏ పువ్వు?

200 గజాల స్థలంలో ఇల్లు కడితే చుట్టూ మిగిలేది నాలుగైదు అడుగుల పట్టీ. అందులో మొదటి ఏడాది ఏడెనిమిది శాశ్వత మొక్కలు చాలు. మిగతా జాగాను సీజన్ పూలకు వదలండి.

తూర్పు, దక్షిణం వైపు: మందారం, నందివర్ధనం, మల్లె, గులాబీ. మందారానికి చుట్టూ నాలుగు అడుగుల చోటు వదలండి. ఒంటి రేకల నాటు మందారం ముద్ద రకాల కంటే మొండిది, రోజూ పూస్తుంది. గులాబీకి రోజూ కనీసం ఐదారు గంటల ఎండ, ఎరువు, కత్తిరింపు కావాలి. ఆ ఓపిక ఉంటేనే పెట్టుకోండి.

పడమర, గేటు పక్కన: కాగితం పూలు, దేవగన్నేరు, నేల మీద నాచు గులాబీ. కాగితం పూలకు నీళ్ళు ఎక్కువైతే ఆకులు, కాస్త ఎండగడితే పూలు. దాని ముళ్ళు పిల్లల కంటి ఎత్తులో లేకుండా గోడ మీదికి పాకించండి. దేవగన్నేరు కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి.

ఉత్తరం, నీడ పట్టున: కనకాంబరం. కాస్త నీడ ఉంటే దీనికి హాయి. వాసన లేకపోయినా కోసిన పూలు త్వరగా వాడవు.

గ్రిల్, మెట్ల పక్కన: శంఖుపుష్పం, సన్నజాజి. శంఖుపుష్పం చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ. గింజ నాటిన రెండు నెలల్లోపే పూస్తుంది కాబట్టి చిన్నపిల్లలకు అప్పగించడానికి ఇంతకు మించినది లేదు.

మూలన కాస్త పెద్ద జాగా ఉంటే: పారిజాతం. సాయంత్రం విచ్చి తెల్లారేసరికి రాలిపోతుంది. స్కూల్ బస్సు వచ్చేలోపు పిల్లలు పూలు ఏరుకోవచ్చు.

పడకగది కిటికీ కింద నైట్ క్వీన్ పెట్టకండి. ఆ ఘాటు వాసన కొందరికి తలనొప్పి, ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇబ్బంది కలిగిస్తుంది. దాని పండ్లు కూడా విషమే.

ఏడాదంతా పూలు ఉండాలంటే

మందారం, నందివర్ధనం, కనకాంబరం దాదాపు ఏడాదంతా పూస్తాయి. వాటి మధ్యలో సీజన్లు కుదుర్చుకోవాలి. దసరాకు, బతుకమ్మకు బంతిపూలు కావాలంటే జులైలో గింజలు చల్లాలి. సంక్రాంతికి కావాలంటే అక్టోబరులో. బంతి నారు పోసిన దగ్గర నుంచి పూతకు రెండు, రెండున్నర నెలలు పడుతుంది. బతుకమ్మలో పేర్చే గునుగు కూడా ఒక మూల చల్లుకోవచ్చు. పారిజాతం వానాకాలం చివర నుంచి, డిసెంబరాలు, చామంతులు చలికాలంలో, మల్లెలు మార్చి నుంచి పూస్తాయి.

మల్లెకు ఒక చిట్కా ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో నీళ్ళు బాగా తగ్గించి, జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి అప్పుడు నీళ్ళు మొదలుపెట్టాలి. అలా చేయని మల్లె తీగ సాగుతుంది తప్ప మొగ్గ వేయదు. చామంతికి మరో లెక్క. రాత్రులు పొడవైతేనే అది మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం రాత్రంతా పడే చోట పెడితే పూత ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రానే రాదు.

కొనడం, నాటడం

మన నగరాల నర్సరీలకు చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతం నుంచి వస్తాయి. గోదావరి తీరపు తేమలో పెరిగిన మొక్కను తెచ్చిన రోజే హైదరాబాద్ ఎండలో నాటితే తట్టుకోలేదు. వారం రోజులు నీడపట్టున ఉంచి, కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేయాలి. కవర్‌లోని మట్టి గట్టి బంకమట్టి ముద్దగా ఉంటే, నాటేముందు బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి, చుట్టూ ఉన్న మట్టిని మెల్లగా వదులు చేయాలి. లేకపోతే పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది.

పూలతో నిండిన మొక్క కంటే, పక్క కొమ్మలు, కొత్త చిగుళ్ళు ఉన్న మొక్క మంచిది. గుంట ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పు. అందులోని ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు తీసేసి, ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. సాయంత్రం పూట నాటండి. కవర్ పూర్తిగా తీసేయండి.

నీళ్ళు, పురుగులు, దోమలు

వేళ్ళు కుదురుకునే తొలి రెండు నెలలు జాగ్రత్తగా నీళ్ళు పోయాలి. ఆ తర్వాత రోజూ చెంబెడు పోయడం కంటే రెండు మూడు రోజులకోసారి బకెట్ నీళ్ళు పోయడం మేలు. పైపైన తడిస్తే వేరు పైపైనే ఉండిపోతుంది, ఎండాకాలంలో ముందు చచ్చేది అదే. మొదలు చుట్టూ ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిస్తే తేమ నిలుస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు పోయవచ్చు. వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి వచ్చే ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు ఎక్కువ. రోజూ వాటినే పోస్తే ఆకుల అంచులు మాడతాయి.

మందారానికి తెల్లటి పిండినల్లి పట్టడం మామూలే. పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. పిల్లలు తిరిగే చోట ఘాటైన పురుగుమందులు వద్దు.

కుండీల కింది ప్లేట్లలో నిలిచిన నీళ్ళు డెంగీ దోమకు పురిటిగది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ప్రతి శుక్రవారం ప్లేట్లు ఒంపేయడం ఇంటి నియమంగా పెట్టుకోండి. ఒంపడంతో సరిపెట్టకుండా తోమాలి. అంచులకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి.

పిల్లలతో చేయండి

1. ఒక్కొక్కరికి ఒక్కో మొక్క ఇవ్వండి. నీళ్ళు పోసే బాధ్యత వాళ్ళదే. ఒకరోజు మర్చిపోతే మీరు పోసేయకండి, వాడిన ఆకును వాళ్ళే చూడనివ్వండి. సాయంత్రం గుర్తు చేస్తే చాలు.

2. మందార రేకలను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి వడకట్టండి. ఆ నీళ్ళలో నిమ్మరసం వేస్తే గులాబీ రంగు, సబ్బు నీళ్ళు కలిపితే పచ్చని ఛాయ వస్తుంది. శంఖుపుష్పం నీలి నీళ్ళలో నిమ్మరసం పిండితే ఊదా రంగు. ఆమ్లాలు, క్షారాల పాఠం ఇక మర్చిపోరు.

3. బంతిపువ్వును విప్పి చూపించండి. మనం రేక అనుకునేది ప్రతి ఒక్కటీ ఒక చిన్న పువ్వే. కాగితం పూలలో రంగుగా ఉన్నవి రేకలు కావు, ఆకులు. అసలు పువ్వు మధ్యలో తెల్లగా చిన్నదిగా ఉంటుంది.

4. ఒక నోట్‌బుక్‌లో తేదీ, నీళ్ళు పోసిన రోజు, కొత్త ఆకుల లెక్క, మొదటి మొగ్గ రాయించండి. ఆ పేజీని క్లాస్ టీచర్‌కు చూపించమనండి.

మొదటి ఏడాది రెండు మూడు మొక్కలు పోతాయి. ఎంత జాగ్రత్తగా ఉన్నా పోతాయి. అది పిల్లల ముందు దాచాల్సిన సంగతేమీ కాదు. ఎందుకు పోయిందో వేరు తీసి కలిసి చూడండి: కుళ్ళిందా, ఎండిందా, పురుగు పట్టిందా? కారణం తెలిశాక అదే చోట మళ్ళీ నాటండి. తప్పు జరిగితే కంగారు పడకుండా వెతికి సరిదిద్దుకోవచ్చని మార్కుల షీటు చెప్పలేని విషయం ఆ గుంట దగ్గర పిల్లలకు అర్థమవుతుంది.

ఈ ఆదివారం నర్సరీకి బయల్దేరే ముందు ఒక సుద్దముక్క, ఒక గ్లాసు వెనిగర్ తీసుకుని పిల్లలతో ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి. మొక్కలు ఆ తర్వాత కొనవచ్చు.